దారి చూపినవాని కూలి

ఈ సంచికకు ప్రబంధ సాహిత్యం మీద ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. తెలుగు అధ్యాపకుని నుండి అంతకంటె వేరేమి ఆశిస్తారు? అయినా ఈసారికి వారి అనుమతి తీసుకొని గాజుల వ్యాపారాన్ని గురించి, అందులో నేను చేసిన ఒక తప్పును గురించి వ్రాస్తున్నాను. ఆ తప్పు నలుగురి ఎదుట జరిగింది. దానిని దిద్దుకోవడం కూడా నలుగురి ఎదుటనే జరగడం న్యాయమని నా నమ్మకం.

ముందుగా ఒక మాట ముచ్చట. "దళారి" అనే పదాన్ని మనం తిట్టుగా వాడుకుంటున్నాం. అది అరబ్బీలోని "దల్లాల్" నుండి ఉర్దూ మీదుగా మనకు చేరింది. దారి చూపడమనే అర్థం గల ధాతువు దానికి మూలం. ఆ ధాతువు నుండే పుట్టిన "దలీల్" అనే మాటకు మార్గదర్శి అనీ, రుజువు అనీ అర్థాలున్నాయి. కొనదలచినవానికి అమ్మేవాని గుమ్మం చూపినవాడు దల్లాల్. ఇంత మంచి పుట్టుక గల మాట మన నోట ఎందుకు హీనమైపోయిందని, అర్థాపకర్షను బోధించే రోజున విద్యార్థులను అడుగుతుంటాను. పశువుల సంతను చూచినవారు వెంటనే జవాబు చెబుతారు. అక్కడ బేరం తువ్వాలు కింద జరుగుతుంది. ఇద్దరి చేతులు గుడ్డచాటున వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటాయి. ఎద్దును తోలుకొచ్చిన రైతుకు చాలాసార్లు ఆ వేళ్ల లెక్క అంతుపట్టదు. కూలి తీసుకున్నందుకు కాక, ఆ తువ్వాలు కప్పినందుకే లోకం దళారిని తిట్టింది.

నేడు అదే వృత్తి ఇంటర్నెట్‌లో అఫిలియేట్ మార్కెటింగ్ అన్న పేరుతో సాగుతున్నది. అమెరికాలో అమెజాన్ సంస్థ 1996లో ఇటువంటి పథకాన్ని ప్రారంభించి, చిన్న చిన్న సైట్ల వారిని తన అమ్మకంలో భాగస్వాములుగా చేర్చుకున్నది. అంతకు ముందు కొందరు ప్రయత్నించినప్పటికీ, పద్ధతి లోకానికి బాగా అలవాటైనది దానివల్లనే. వ్యాపారి తన సరుకు వద్దకు తీసుకుపోయే ఒక లింకును సహాయకునికి ఇస్తాడు. అందులో ఆ సహాయకుని గుర్తు ఉంటుంది. లింకు నొక్కి వచ్చినవాని బ్రౌజరులో "కుకీ" అనే చిన్న చీటీ వంటిది పడుతుంది. నిర్ణీతమైన గడువులోగా అతడు సరుకు కొంటే, ఆ చీటీని బట్టి సహాయకునికి కమీషన్ ముడుతుంది. అమెజాన్ పథకంలో సాధారణంగా ఈ గడువు 24 గంటలు. చీటీ ఎవరిదైతే కూలి వారిది. వ్యాపారికి చీటీ కనబడుతుంది గాని మనిషి కనబడడు. మోసం దూరేది ఈ సందులోనే. నా పొరపాటు దూరినదీ ఈ సందులోనే.

మాది గాజులవారి ఇల్లు. మా తాతగారు ఫిరోజాబాదు గాజు గాజులను మలారానికి ఎక్కించి, భుజాన వేసుకొని పల్లె పల్లె తిరిగేవారు. ప్రతి పల్లెలోనూ ఒక ఇంటి అరుగు ఆయనకు స్థిరం. ఆ ఇంటి ఇల్లాలు "సాయిబు వచ్చాడు, గాజులు తొడిగించుకోండి" అని వాడకట్టునంతా కేకవేసి పిలిచేది. పొద్దు వాలిన తరువాత తాతగారు ఆమెకు నచ్చిన గాజులు ఒక డజను ఊరక తొడిగి లేచేవారు. ఆ డజను ఎందుకిచ్చారో అరుగు మీద ఉన్న ఆడవారందరికీ తెలుసు. ఎవరూ తప్పు పట్టలేదు. అఫిలియేట్ అన్న పేరు పుట్టక మునుపే ఆ పద్ధతి మా ఇంట ఉన్నదని నాకు సకాలంలో తోచలేదు. తోచి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరమే కలిగేది కాదు.

2020 నాటి లాక్‌డౌనులో మా దుకాణం నెలల తరబడి మూతబడింది. ఆ దెబ్బ తరువాత మా తమ్ముడు ఇంటర్నెట్‌లో అమ్మకం మొదలుపెట్టాడు. గాజు గాజులు దారిలో పగులుతాయని హైదరాబాదు లాడ్ బజారు లక్క గాజులు మాత్రమే అందులో పెట్టాడు. 2024 వేసవిలో నా వద్దకు వచ్చి, "భాయ్‌జాన్, ప్రకటనలకు పోసే డబ్బేదో మీ పిల్లలకే ఇస్తాను. వాళ్ల లింకు మీద జరిగిన అమ్మకానికి నూటికి పది. పుస్తకాల ఖర్చుకు పనికివస్తుంది" అన్నాడు. నాకు సంతోషం కలిగింది. ఇరవై ముగ్గురు విద్యార్థులను చేర్చాను. నియమాలు అరఠావు కాగితం మీద ఆరు వాక్యాలలో ముగిశాయి. ఖుర్ఆన్‌లోని ఆయతులన్నిటిలో దీర్ఘమైనది అప్పును పత్రంపై వ్రాసుకోవడాన్ని గురించినదని చిన్ననాడే మౌల్వీగారి వద్ద నేర్చుకున్నవాణ్ణి. అయినా "మన పిల్లలే గదా" అన్న ధీమాతో వ్రాతకోతల జోలికి పోలేదు.

మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. మూడవ నెలలో లెక్క చూస్తే దుకాణం అమ్మకాల కంటె కమీషన్లు వేగంగా పెరిగి ఉన్నాయి. తరచి చూడగా ఒక్కొక్కటే బయటపడసాగింది. కొందరు తమ లింకు మీద తామే గాజులు కొన్నారు. కూడదని మేము వ్రాయలేదు కనుక దానిని మోసమనడానికి వీలులేదు. నూటికి పది తగ్గింపు దొరికిందని వారనుకున్నారు. మరికొందరు లేని చిరునామాలకు క్యాష్ ఆన్ డెలివరీ పద్ధతిలో ఆర్డర్లు పెట్టారు. మేము ఆర్డరు వచ్చిన రోజే కమీషన్ జమ చేస్తున్నాము. పార్సెలు తిరిగివచ్చేసరికి డబ్బు వారి చేతికి చేరిపోయేది. కొరియరు ఖర్చు రానూ పోనూ మా తమ్ముని నెత్తిన పడేది. ఒక విద్యార్థి లక్క గాజులలో పొదిగిన అద్దపు రాళ్లను అసలు కెంపులని వర్ణించి అమ్మాడు. కొన్నావిడ వినియోగదారుల కోర్టుకు పోతానన్నది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చునని మాకు అప్పుడు తెలిసింది. సహాయకుని నోటి మాటకు వ్యాపారి కూడా పూచీ పడవలసి ఉంటుంది.

ఒక విషయంలో మాత్రం తొలినుండి గట్టిగా నిలబడ్డాను. చేరినవారి వద్ద రెండు వందల ప్రవేశ రుసుము తీసుకొని, వారిని చేర్చినవారికి అందులో వాటా ఇద్దామని ఒకరు సలహా చెప్పారు. మా తమ్మునికది నచ్చింది. సరుకు అమ్మినందుకు ఇచ్చేది కమీషన్. మనిషిని చేర్చినందుకు, చేరినవాని డబ్బులో నుండి ఇచ్చేది గొలుసు వ్యాపారం. మనీ సర్క్యులేషన్ పథకాలను నిషేధించిన చట్టం 1978లోనే వచ్చింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పథకాలను నిషేధించాయి. గొలుసులో చివరి కొసన చేరిన అమాయకులు మునుగుతారని నచ్చజెప్పి మాన్పించాను.

ఇక నేను మెచ్చుకొన్న విద్యార్థి సంగతి. అతని కమీషన్ అందరికంటె ఎక్కువ. అతని ఆర్డర్లలో తిరిగివచ్చినవి దాదాపు లేవు. తరగతిలో అతనిని పేరు పెట్టి ప్రశంసించాను. కొన్నాళ్లకు మా తమ్మునికొక అనుమానం వచ్చింది. ఇతని వాటా నెలనెలా పెరుగుతున్నా దుకాణం మొత్తం అమ్మకం ఏమాత్రం పెరగలేదు. విచారించగా తేలినదేమిటంటే, గూగుల్‌లో మా దుకాణం పేరును వెదికేవారికి అన్నిటికంటె పైన తన ప్రకటన కనబడేట్లు అతడు కొద్దిపాటి సొమ్ము కట్టాడు. మా పేరు తెలిసి మా వద్దకే వస్తున్నవారు ఆ ప్రకటనను నొక్కి, అతని చీటీతో లోపలికి వచ్చేవారు. మా గుమ్మం మెట్ల మీద నిలబడి, ఎక్కివస్తున్నవారి చేతిలో చీటీ పెట్టి, వీరిని నేనే పిలుచుకొచ్చానని కూలి అడిగినట్లయింది. అడిగితే, "అలా చేయకూడదని మీరు వ్రాయలేదు సార్" అన్నాడు. నిజమే, వ్రాయలేదు.

ఇది చిన్న దుకాణాలకే పట్టిన తెగులు కాదు. అమెరికాలో ఈబే సంస్థకు అత్యధికంగా కొనుగోలుదారులను తెచ్చిపెడుతున్నట్లు కనిపించిన ఇద్దరు భాగస్వాములు, లింకు నొక్కనివారి కంప్యూటర్లలో కూడా తమ కుకీలను రహస్యంగా జొప్పించారు. ఆ తరువాత వారు తమంతట తాము ఈబేలో ఏదైనా కొంటే కమీషన్ వీరికి చేరేది. సంస్థ 2008లో దావా వేసింది. 2010లో నేరాభియోగాలు మోపబడ్డాయి. 2014లో ఒకరికి 15 నెలలు, మరొకరికి 5 నెలలు కారాగార శిక్ష పడింది. 2020లో పేపాల్ సంస్థ దాదాపు 400 కోట్ల డాలర్లకు కొన్న హనీ అనే బ్రౌజరు ఉపకరణం మీద 2024 డిసెంబరులో ఇటువంటి ఆరోపణే వచ్చింది. కొనుగోలుదారుడు డబ్బు కట్టే చివరి క్షణంలో అది వేరొకరి చీటీని తొలగించి తన చీటీని పెడుతున్నదని ఆ ఆరోపణ. పెద్ద మోసం ఎప్పుడూ మంచి లెక్కల వేషంలోనే వస్తుందని నేను గ్రహించవలసింది. గ్రహించకపోగా, చెడ్డగా కనబడిన లెక్క వెంట పడ్డాను.

ఆనాడు రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని ఉండేది. ప్రతిరోజూ పల్లె నుండి బస్సులో వచ్చి పోయేది. ఆ నవంబరులో ఆమె లింకు మీద 41 ఆర్డర్లు వచ్చాయి. అన్నిటికీ ఒకే పిన్‌కోడు, ఒకే ఫోన్ నంబరు. ఆ నంబరు ఆమెదే. వాటిలో 17 తిరిగివచ్చాయి. అప్పటికి మోసాలతో విసిగి ఉన్న మా ఇద్దరికీ ఇంతకంటె రుజువు అవసరమనిపించలేదు. ఆమెకు రావలసిన రూ. 2,430 నిలిపివేశాము. ఆమెను పిలిచి అడగలేదు. అంతటితో ఊరకున్నా కొంత మేలు. మరునాడు తరగతిలో సామెతలు చెబుతూ, "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, లెక్కలు పట్టిస్తాయి" అని ఆమెవైపు చూశాను. పేరు చెప్పలేదు. చెప్పవలసిన పని లేకుండానే తరగతి అంతా అటు తిరిగింది. ఆ వారం ఆమె వెనుక బెంచీలో కూర్చుంది. ఆ తరువాత తెలుగు తరగతికి రావడం మానివేసింది.

2025లో రంజాను నెలకు ముందు మా తమ్ముడు సరుకు లెక్క చూసుకుంటూ ఒక పెట్టె దగ్గర ఆగిపోయాడు. పైన "రెండు ఆరు" అని చీటీ అంటించి ఉంది. లోపల ఉన్నవి "రెండు ఎనిమిది" సైజు గాజులు. అటువంటి పెట్టెలు మరికొన్ని దొరికాయి. తిరిగివచ్చిన 17 పార్సెళ్లు ఆ పెట్టెలలో నుండి వెళ్లినవే. తప్పు దుకాణానిది. నాకు ఫోన్ చేసి, "భాయ్‌జాన్, ఆ అమ్మాయి..." అని ఊరకున్నాడు. నాకూ మాట రాలేదు.

మేమిద్దరం ఆ పల్లెకు వెళ్లాము. ఆ వీధిలో చాలామంది ఆడవారికి ఇంటర్నెట్ ఉన్న ఫోన్లు లేవు. ఉన్నవారికి ఆర్డరు పెట్టడం రాదు. ఈ అమ్మాయి తన అరుగు మీద కూర్చొని, తన ఫోనులో గాజుల బొమ్మలు చూపించి, ఎవరికేవి కావాలో అడిగి, వారి పేర్ల మీద ఆర్డర్లు పెట్టింది. కొరియరు అబ్బాయి ఫోన్ చేస్తే మాట్లాడడానికి తన నంబరే ఇచ్చింది. తన కమీషన్ సంగతి అందరికీ ముందే చెప్పింది కూడా. ఆమె తల్లి తన చేయి చాచి, "రెండు ఆరు అని తెప్పించుకుంటే మోచేతి దాకా జారిపోతున్నాయి బాబూ" అని మాకు చూపించింది. నేను ఆ అరుగు వైపు చూశాను. మా తాతగారు మలారం దించిన అరుగు ఏ పల్లెలోనైనా అలాగే ఉండి ఉంటుంది. వాడకట్టును పిలిచిన ఇల్లాలికి ఆయన గాజులు తొడిగి వెళ్లారు. ఆయన మనుమడు ఆమెను దొంగ అన్నాడు.

తమ్ముడు 41 ఆర్డర్లకూ లెక్క కట్టి మొత్తం రూ. 2,430 ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఎంచి చూసుకొని, ముట్టినట్లు కాగితం వ్రాసి ఇచ్చింది. మేము అడగలేదు, తానే వ్రాసింది. అప్పుడు నాతో, "సార్, ఒకే నంబరు ఎందుకిచ్చావని ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని" అన్నది. కొంతసేపాగి, "డబ్బు ఇచ్చారు. మరి తరగతిలో అన్న మాట?" అని అడిగింది.

మరుసటి సోమవారం ఆ తరగతిలో క్షమాపణ చెప్పుకున్నాను. కాని ఒక తరగతిలో పుట్టిన మాట ఒక్క తరగతిలోనే ఉండదు. అందుకే కాలేజీ అంతా చదివే ఈ పుటలలో, ఆమె సమ్మతితో, ఆమె పేరు చెప్పకుండా మరల చెబుతున్నాను: ఆమె మోసం చేయలేదు. విచారించకుండా నిందించినది నేను.

ఈ సంగతి తరువాత మా తమ్ముడు పథకాన్ని మూడు నెలలు ఆపి, నియమాలను తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించి, చేరే ప్రతి ఒక్కరి చేతా చదివించి సంతకం తీసుకొని తిరిగి ప్రారంభించాడు. వ్యాపారం చేయదలచిన విద్యార్థులకు పనికివస్తుందని వాటిలోని సారం చెబుతాను. తన లింకు మీద తాను కొనుక్కుంటే కమీషన్ లేదు. ఇతరుల కొరకు ఆర్డరు పెట్టేవారు ఆ సంగతి ముందే తెలిపితే అభ్యంతరం లేదు. దుకాణం పేరు మీద ప్రకటన కొనకూడదు. సరుకును గురించి దుకాణం చెప్పని గుణాన్ని చెప్పకూడదు. తనకు కమీషన్ వస్తుందని కొనేవారికి వారి భాషలోనే, లింకు దగ్గరే చెప్పాలి. ప్రచారకర్తలు తమ సంబంధాన్ని దాచకూడదని కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

చెల్లింపు విషయంలో నా మనస్సు కొంత తడబడింది. పనివాని చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న ప్రవక్త బోధ వింటూ పెరిగినవాణ్ణి. కమీషన్‌ను వారాల తరబడి ఆపడం న్యాయమా? ఆర్డరు రోజునే ఇచ్చి మోసపోయిన అనుభవమూ ఉన్నది. ఆలోచించగా ఒకటి తేలింది. ఇక్కడ కూలి అమ్మకానికి. సరుకు వాపసు ఇచ్చే గడువు ముగిస్తేనే అమ్మకం స్థిరపడుతుంది, పని పూర్తవుతుంది. పని పూర్తయిన పిమ్మట ఆలస్యం తగదు. కాబట్టి పది రోజుల వాపసు గడువు ముగిసిన ఆర్డర్లన్నిటికీ మరుసటి నెల 5వ తేదీన చెల్లింపు అని నిర్ణయించాము. మొత్తం ఎంత చిన్నదైనా చెల్లించవలసిందే. ఇంత పోగుపడితే తప్ప ఇవ్వమనే షరతు చిన్నవారి సొమ్మును పెద్దవారి పెట్టెలో నిలిపి ఉంచడమే అవుతుంది. సరుకు దుకాణం తప్పు వలన తిరిగివస్తే కమీషన్ తగ్గించరాదు. దారి చూపినవాడు దారి సరిగానే చూపాడు. ఇల్లు సర్దుకోనిది మనము.

చివరి నియమాన్ని నేను పట్టుబట్టి చేర్పించాను. ఎవరి లెక్క అనుమానాస్పదంగా కనబడినా, సొమ్ము ఆపిన రోజునే కారణం వ్రాతపూర్వకంగా తెలిపి, జవాబుకు ఏడు రోజుల గడువు ఇవ్వాలి. జవాబు విన్న తరువాతనే నిర్ణయం. ఇరవై ముగ్గురిలో మోసం చేసినవారు ఐదారుగురికి మించలేదు. వారి కోసం కట్టిన కంచెలో చిక్కుకున్నది మాత్రం వేరొకరు. ఆ ముల్లు గుచ్చిన చేయి నాది.

ఈ నియమాలు మోసాన్ని పూర్తిగా ఆపుతాయని చెప్పను. ఈమధ్య కూడా ఒకరు పక్కింటివారి పేర ఆర్డరు పెట్టి, తామే తీసుకొని పట్టుబడ్డారు. కాని ఇప్పుడు ఏది తప్పో ఉభయులకూ ముందే తెలుసు, లెక్క అందరూ చూడగలరు. తువ్వాలు తీసిన తరువాత వేళ్లు అబద్ధం చెప్పడం కష్టం.

ఆ విద్యార్థిని పథకంలో తిరిగి చేరింది. కొత్త నియమాల కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి, రెండు రోజులు ఉంచుకొని, ఒక చోట పెన్సిలుతో గీత గీసి తెచ్చింది. "వాపసు గడువు పది రోజులని ఉంది సార్. ఆర్డరు పెట్టిన రోజు నుండా, గాజులు చేతికి అందిన రోజు నుండా? వ్రాయలేదు." మేము వ్రాయలేదు. ఆ సాయంకాలమే, అందిన రోజు నుండి అని చేర్చి, ఆమె ఎదుటనే సంతకం చేశాము.